గ్యారేజీ వర్క్‌షాపులో కంప్యూటర్: నా అనుభవం

సొరుగు పక్కచెక్క 481 మిల్లీమీటర్లు ఉండాలి. నేను 418 దగ్గర కోసేశాను. డ్రాయింగు ఇంట్లో కంప్యూటర్లో ఉంది, రంపం గ్యారేజీలో ఉంది. ఆ గది నుంచి ఈ గదికి నడిచి వచ్చే అరనిమిషంలో అంకెలు తారుమారయ్యాయి. నాలుగు పక్కలా చారలు కలిసేలా చూసి ఎంచుకున్న చెక్క అది. కోసిన చెక్కను మళ్లీ పొడిగించలేం కదా. ఆ ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. కొలత ఒక చోట, కోత ఇంకో చోట ఉన్నంతకాలం ఈ తప్పు మళ్లీ జరుగుతుందని అప్పుడే అర్థమైంది.

అంతకుముందు ఫోన్‌తో నెట్టుకొచ్చాను. చేతికి జిగురు అంటుకుని ఉన్నప్పుడే స్క్రీన్ ఆరిపోయేది. చిన్న తెర మీద డ్రాయింగును జరుపుకుంటూ చూస్తే ఏ కొలత ఏ అంచుదో తెలిసేది కాదు. పోనీ ప్రింటు తీసుకుందామంటే, మధ్యలో ఒక్క కొలత మార్చగానే ఆ కాగితం పాతదైపోయేది. పాత కాగితం, కొత్త కాగితం రెండూ బల్ల మీదే ఉండేవి. ఇక లాభం లేదని కంప్యూటర్‌నే గ్యారేజీలోకి తేవాలని నిర్ణయించుకున్నాను.

అటక మీద ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని అప్పటికే తెలుసు. ఆ పెట్టెలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి దాని మీద విండోస్ 11 మామూలుగా ఎక్కదు. డ్రాయింగులు చూసుకోవడానికి, లెక్కలు వేసుకోవడానికి అదేం పెద్ద అడ్డంకి కాదు. విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను, అందులో డ్రాయింగులకు ఫ్రీక్యాడ్, లెక్కలకు లిబ్రెఆఫీస్ పెట్టుకున్నాను. పాత హార్డ్ డిస్క్ తీసేసి, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ బిగించాను. సుత్తి దెబ్బలకు, మోటార్లకు వణికే బల్ల దగ్గర లోపల పళ్లెం గిర్రున తిరిగే డిస్కును పెట్టడానికి మనసొప్పలేదు.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. ఇంటర్నెట్ వస్తోంది కానీ ఏ పేజీ తెరిచినా ‘సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లదు’ అంటోంది. గంటసేపు నెట్‌వర్క్ సెట్టింగులన్నీ తిరగేశాను. చివరికి స్క్రీన్ మూలన ఉన్న తేదీ కంట పడింది, ఎన్నో ఏళ్లు వెనక్కి చూపిస్తోంది. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉండటంతో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. గడియారం తప్పితే ఆ సర్టిఫికెట్లు ఇంకా మొదలే కాలేదని కంప్యూటర్ అనుకుంటుంది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అన్ని పేజీలూ తెరుచుకున్నాయి. పాత పెట్టెను మళ్లీ వాడదామనుకునేవాళ్లు ముందు ఆ బ్యాటరీ మార్చేయండి.

పెట్టెను బల్ల కింద పెట్టాను. చేతికి అడ్డం రాదు, కంటికి కనిపించదు. నేను చేసిన అసలు తప్పు అదే.

మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఫ్యాను గోల మొదలైంది, ఆపైన పని మధ్యలో దానంతటదే ఆరిపోవడం. ఉష్ణోగ్రత చూస్తే ప్రాసెసర్ 97 డిగ్రీల దగ్గర ఉంది. కరెంటు తీసేసి, పెట్టెను బయటికి తెచ్చి పక్క రేకు విప్పాను. ప్రాసెసర్ మీద హీట్‌సింక్, అంటే వేడిని లాగేసే రెక్కల లోహపు దిమ్మ ఉండాలి, దాని రెక్కలే కనిపించలేదు. ఫ్యాను విప్పి చూస్తే రెక్కల మీద కంబళి ముక్కలాంటి పొర ఉంది. గోటితో అంచు పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా లేచి వచ్చింది. లేత గోధుమరంగులో, మెత్తగా ఉంది, అడుగున రెక్కల అచ్చు గీతలు గీతలుగా పడి ఉంది. నేను కోసిన ప్రతి చెక్కలోనూ కొంత అక్కడికి చేరింది.

చెక్క పొట్టు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. మదర్‌బోర్డు కింది అంచున, యూఎస్‌బీ సాకెట్ల వెనక, బూడిదరంగు పొడి పలచగా పరుచుకుని ఉంది. బ్రష్షుతో ఒక కాగితం మీదకు దులిపి, కాగితం కింద అయస్కాంతం ఆడించాను. పొడి నిక్కబొడుచుకుని దాని వెంటే నడిచింది. ఇనుము అరగదీసే గ్రైండర్ దగ్గర పుట్టిన ఇనుప రజను అది. చెక్క పొడి గాలికి అడ్డుపడి వేడి పెంచుతుంది, తేమ పీల్చుకుని పట్టుకుంటుంది. ఇనుప రజను అలా కాదు, దానిలోంచి కరెంటు పారుతుంది. వెంట్రుకంత ఎడంలో ఉన్న రెండు పిన్నుల మధ్య పడితే షార్టే. ఆ వరుసలో రెండు యూఎస్‌బీ సాకెట్లు అప్పటికే పోయాయి, ఎంత శుభ్రం చేసినా మళ్లీ పనిచేయలేదు.

శుభ్రం చేసేటప్పుడు రెండు విషయాలు జాగ్రత్తగా చూసుకున్నాను. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేదంటే హద్దు మీరి తిరిగి బేరింగ్ పాడవుతుంది. కంప్రెసర్ గాలిలో నీటి తుంపర, నూనె ఉంటాయి కాబట్టి దాన్ని నేరుగా బోర్డు మీదకు కొట్టలేదు. మెత్తటి బ్రష్షు, చేతి పంపుతోనే పని కానిచ్చాను. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య కొత్త థర్మల్ పేస్ట్ రాసి తిరిగి బిగిస్తే ఉష్ణోగ్రత 60 దగ్గర నిలబడింది. అయినా ఇది మూడు నెలల ముచ్చటేనని తెలుసు. బల్ల కిందే ఉంచితే మళ్లీ అదే కథ.

ఆ రాత్రి దుమ్ము ఎక్కడెక్కడ తిరుగుతుందో కళ్లారా చూడాలనిపించింది. రంపం ఆపి అరగంట గడిచాక లైట్లన్నీ తీసేసి, టార్చి వెలుగును గది అడ్డంగా వేశాను. అప్పటికి గాలి శుభ్రంగా ఉందనుకుంటున్నాను. ఆ వెలుగులో పొడి ఇంకా తేలుతూనే ఉంది, నెమ్మదిగా, ఎటూ పోకుండా. ముతక పొట్టు వెంటనే నేల మీద పడుతుంది. కంటికి ఆనని సన్నపొడి మాత్రం గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. ఫ్యాన్లు లోపలికి లాక్కునేది దాన్నే. మన ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదీ అదే. ఆ రోజు నుంచి రంపం ఆపాక కూడా మాస్కు వెంటనే తీయడం మానేశాను.

ఇక కంప్యూటర్‌ను ఎలా కాపాడాలన్నది. మొదట గాలి చొరబడని పెట్టె చేద్దామనుకున్నాను. కానీ కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికి వస్తుంది. ప్లగ్గుకు మీటరు పెట్టి చూస్తే ఆ డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడే 58 వాట్లు లాగుతోంది. అంత వేడి మూసిన పెట్టెలో పెడితే పొయ్యి అవుతుంది. రెండో దారి, పెట్టెకు ఒకవైపు ఫిల్టర్, దాని వెనక గాలిని లోపలికి నెట్టే ఫ్యాను. లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు. మామూలుగా కంప్యూటర్లలో గాలిని బయటికి తోసే ఫ్యాన్లదే పైచేయి అయితే ప్రతి సందూ దుమ్ము పీల్చే ముక్కు అవుతుంది. ఈ పద్ధతి మంచిదే, పెద్ద కంప్యూటర్ తప్పనిసరి అయితే అదే చేసేవాణ్ని. కానీ ఫిల్టర్ మూసుకుపోయిందో లేదో ప్రతి వారం చూస్తూ ఉండాలి. అంత క్రమశిక్షణ నా వల్ల అవుతుందని నమ్మకం కుదరలేదు.

చివరికి ఫ్యాను లేని మినీ పీసీ తీసుకున్నాను. పైభాగమంతా అల్యూమినియం రెక్కలే, అదే హీట్‌సింక్. ఊరికే ఉన్నప్పుడు 8 వాట్లు లాగుతుంది. లోపలికి గాలి పీల్చే అవసరమే లేదు కాబట్టి దుమ్ము పైన పడుతుంది తప్ప లోపలికి పోదు. వారానికోసారి పైన బ్రష్షుతో తుడిస్తే సరిపోతుంది. వాడని సాకెట్లన్నిటికీ రబ్బరు మూతలు పెట్టాను. ఇనుప రజను భయం నాకు ఇంకా పోలేదు.

చోటు కూడా మార్చాను. గ్రైండర్ ఒక గోడకు ఉంటే కంప్యూటర్ ఎదురు గోడకు, నేల నుంచి ఛాతీ ఎత్తులో. నా మానిటర్ వెనక, గోడకు బిగించుకోవడానికి 100 మిల్లీమీటర్ల ఎడంలో నాలుగు వెసా (VESA) రంధ్రాలు ఉన్నాయి. ఎం4 స్క్రూలతో వాటికి చేయి బిగించి గోడకు వేలాడదీశాను. స్క్రీన్ ముందు పారదర్శకమైన పాలీకార్బొనేట్ పలక పెట్టాను. దానికి దుమ్ము పడితే పొడిగుడ్డతో రుద్దకూడదు, గీతలు పడతాయి. ముందు దులిపి, తర్వాత తడిగుడ్డతో తుడవాలి.

మానిటర్ ఎటు తిరిగి ఉండాలన్నది నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించిన విషయం. రంపం దగ్గర నిలబడితే అది కనిపించకూడదు. కావాలనే అలా పెట్టాను. బ్లేడు తిరుగుతున్నప్పుడు కన్ను ఒక్క క్షణం స్క్రీన్ మీదకు పోయినా చాలు. కొలత చూడాలంటే మోటారు ఆపి, వెనక్కి తిరిగి గీతలు గీసుకునే బల్ల దగ్గరకు రావాలి. రెండడుగులు నడిస్తే వచ్చే నష్టం ఏమీ లేదు.

కరెంటు సంగతి మా అన్నయ్య చూశాడు, ఆయన వృత్తే వైరింగు. టేబుల్ రంపం స్విచ్ వేసిన ప్రతిసారీ లైటు ఒక్క క్షణం మసకబారేది. అప్పుడప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేది.

“ఏరా, రంపం, కంప్యూటర్ ఒకే లైను మీద పెట్టావా?”

“అవునన్నయ్యా. దగ్గర్లో ప్లగ్గు అదొక్కటే ఉంది.”

“మోటారు ఎత్తుకునేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుందిరా. అప్పుడు ఆ లైను మీద వోల్టేజీ పడిపోతుంది. నీ కంప్యూటర్‌దేం తప్పు లేదు.”

మెయిన్ బోర్డు నుంచి కంప్యూటర్‌కూ లైట్లకూ విడిగా ఒక లైను లాగాడు. కరెంటు లీకైతే లైనును ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాడు, ఎర్తింగ్ పరీక్షించాడు. లైట్లు రంపం లైనులో ఉండకూడదని గట్టిగా చెప్పాడు. బ్రేకర్ పడిపోతే బ్లేడు ఇంకా తిరుగుతుండగా గది చీకటైపోతుంది. నాకు అంతవరకు తట్టని విషయం అది. కంప్యూటర్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టాను. దానికి కంప్యూటర్, మానిటర్ మాత్రమే తగిలిస్తాను, ఏ మోటారూ తగిలించను.

నెట్‌వర్క్ విషయంలో ముందు వైఫైతో ప్రయత్నించాను. 5 గిగాహెర్ట్జ్ అసలు అందలేదు. 2.4 అందింది కానీ ఇనుప షట్టర్ దించినప్పుడల్లా తడబడేది. ఇంటి నుంచి క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ లాగి రెండు చివర్లా ప్లగ్గులు నేనే బిగించాను. వరుస తెలుసు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కనెక్ట్ అయింది కానీ వేగం 1000కి బదులు 100 మెగాబిట్‌ల దగ్గర ఆగిపోయింది. 100కి రెండు జతల తీగలు చాలు, 1000కి నాలుగు జతలూ కావాలి. అంటే ఎక్కడో ఒక జత అందడం లేదు. చూస్తే ఒక చివర గోధుమ తీగ ప్లగ్గు కొస దాకా చేరలేదు. కోసి మళ్లీ బిగించాను, అంతే.

ఇక సీఎన్‌సీ. తల ప్రాణం తోకకొచ్చింది ఇక్కడే. నాది బల్ల మీద పెట్టే చిన్న సీఎన్‌సీ రౌటర్, కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ చెక్కను చెక్కే యంత్రం. లోపల ఆర్డుయినో అనే చిన్న కంట్రోల్ బోర్డు, దాని మీద మోటార్లను నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాం. కంప్యూటర్ యూఎస్‌బీ ద్వారా ఎటు కదలాలో చెప్పే జీ-కోడ్ ఒక్కో లైను పంపుతుంది, బోర్డు మోటార్లను నడుపుతుంది. చిన్న పనులు బాగానే అయ్యేవి. పది పదిహేను నిమిషాలు దాటితే మాత్రం ఎక్కడో ఒక చోట కనెక్షన్ తెగిపోయేది. బోర్డు దగ్గర ముందుగా చేరి ఉన్న కొద్ది లైన్లు అయిపోగానే కదలిక ఆగిపోతుంది. నా యంత్రంలో కోసే మోటారుకు స్విచ్ విడిగా ఉంది, అది మాత్రం ఆగకుండా తిరుగుతుంది. ఒకే చోట తిరిగి తిరిగి చెక్కను మాడ్చేది. మాడిన వాసన వస్తే పరుగెత్తాల్సి వచ్చేది. మూడు నేమ్‌బోర్డులు అలాగే పోయాయి, ప్రతి దాని మీదా వేలిముద్రంత నల్లటి మచ్చ.

నిద్రపోయే యూఎస్‌బీ పోర్టులేమో అనుకుని పవర్ సేవింగ్ ఆపేశాను. కొంచెం తగ్గినట్టనిపించింది, పోలేదు. సాఫ్ట్‌వేర్ మార్చాను. కేబుల్ మార్చాను: మూడు మీటర్ల మామూలు కేబుల్ తీసేసి, షీల్డ్ ఉన్న మీటరున్నర కేబుల్, చివర విద్యుత్ అలజడిని అణిచే ఫెర్రైట్ ముద్ద ఉన్నది పెట్టాను. పదిహేను నిమిషాలకు ఒకసారి తెగేది అరగంటకు ఒకసారి అయింది. ఎక్కడో దగ్గరకు వచ్చానని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు.

నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను: ఎప్పుడు తెగింది, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి. వారం తర్వాత ఆ పేజీ చూస్తే ఒకటే కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) కోసినప్పుడు ఎక్కువ, చెక్క కోసినప్పుడు తక్కువ. పొట్టు పీల్చే వ్యాక్యూమ్ ఆపి కోసిన రోజున ఒక్కసారి కూడా లేదు. వ్యాక్యూమ్ మోటారు వేరే లైను మీద ఉంది, మరి అదెలా కారణమవుతుంది? మళ్లీ వ్యాక్యూమ్ వేసి, పొట్టు పారుతున్న ప్లాస్టిక్ గొట్టం దగ్గరకు మోచేయి తీసుకెళ్లాను. చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని గొట్టం వైపు వాలాయి. ఇంకొంచెం దగ్గర పెడితే ‘టప్’మని కొట్టింది.

అప్పుడు అంతా తేటతెల్లమైంది. ఎండిన సన్నపొడి ప్లాస్టిక్ గొట్టాన్ని రాసుకుంటూ వేగంగా పోతుంటే గొట్టం మీద స్టాటిక్ చార్జి పేరుకుంటుంది. గొట్టం యంత్రం ఫ్రేమును ఆనుకునే ఉంది. చార్జి నిండినప్పుడల్లా మెరుపులా ఫ్రేములోకి దూకుతోంది, ఆ పోటుకు యూఎస్‌బీ కనెక్షన్ పడిపోతోంది. ఎండీఎఫ్ పొడి మరీ సన్నం కాబట్టి దానితో ఎక్కువ.

ప్లాస్టిక్‌లో కరెంటు పారదు. అందుకే గొట్టానికి ఒక చివర ఎర్త్ తగిలిస్తే రెండో చివర చార్జి అక్కడే ఉంటుంది. గొట్టం పొడవునా బయట అంగుళానికో చుట్టు చొప్పున ఉట్టి రాగి తీగ చుట్టాను, లోపల కూడా ఒక తీగ ఈ చివర నుంచి ఆ చివర దాకా వేశాను. రెండింటినీ ఎర్త్‌కు కలిపాను. యంత్రం ఫ్రేము పెయింట్ గీకి అక్కడి నుంచి కూడా ఎర్త్‌కు ఒక తీగ. ఒక మధ్యాహ్నం పని. ఆ సాయంత్రం రెండు గంటల నలభై నిమిషాల ఎండీఎఫ్ పని పెట్టి, కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చున్నాను. చివరి లైను వరకు ఆగలేదు. ఆ తర్వాత ఇంతవరకు ఆ కారణంతో ఒక్కసారి కూడా తెగలేదు. అయినా యంత్రం నడుస్తుంటే గది వదిలి వెళ్లను. నిప్పుతో పరాచికాలు పనికిరావు.

ఇప్పుడు రోజూ ఈ కంప్యూటర్‌తో చేసేవి చూస్తే చాలా మామూలు పనులే. ఎక్కువసేపు తెరిచి ఉండేది ఒక స్ప్రెడ్‌షీట్. 2440 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటును నాలుగు ముక్కలు చేయాలంటే తలలో లెక్క 610 వస్తుంది. బ్లేడు మందం 3 మిల్లీమీటర్లు, మూడు కోతలకు 9 పోతాయి, నాలుగో ముక్క 601 అవుతుంది. అల్మారా తలుపుకు 9 మిల్లీమీటర్లు చిన్న విషయం కాదు. నా షీటులో బ్లేడు మందం ఒక గడిలో ఉంటుంది. బ్లేడు మార్చినప్పుడు అదొక్కటి మారిస్తే మిగతావన్నీ మారతాయి. ఇంకో పేజీలో మరలు కోసే ట్యాపులకు ముందు వేయాల్సిన రంధ్రాల కొలతలు ఉన్నాయి: ఎం6కు 5 మిల్లీమీటర్లు, ఎం8కు 6.8. ఇవి కంఠతా వచ్చినా చూసే వేస్తాను.

ఇంట్లో కంప్యూటర్‌కూ దీనికీ మధ్య సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. అక్కడ డ్రాయింగులో కొలత మార్చి సేవ్ చేస్తే నేను గ్యారేజీలోకి వచ్చేసరికి ఇక్కడ కొత్తదే ఉంటుంది. పాతది, కొత్తది అన్న గందరగోళం లేదు. ఫోన్‌తో తీసిన ఫొటోలూ ఇక్కడికే వస్తాయి. ఏదైనా యంత్రం విప్పేటప్పుడు ప్రతి మెట్టుకూ ఒక ఫొటో తీసి, బిగించేటప్పుడు పెద్ద స్క్రీన్ మీద వెనక నుంచి ముందుకు చూసుకుంటాను. వాషర్ ఏ వైపు ఉందో అన్న టెన్షన్ లేదు.

కీబోర్డుకు సిలికాన్ తొడుగు వేశాను. జిగురు ఆరాక దాన్ని తీసి వంచితే పెచ్చులుగా ఊడిపోతుంది. మౌస్ పొట్టు మీద నడవలేదు, కింద కన్ను మూసుకుపోతుంది. ఉన్నచోటే ఉండే ట్రాక్‌బాల్ తెచ్చాను, బొటనవేలితో తిప్పుతాను. అక్షరాలను ఒకటిన్నర రెట్లు పెద్దవి చేశాను, రెండడుగుల దూరం నుంచి కళ్లద్దాల మీద సేఫ్టీ అద్దాలున్నా చదవగలుగుతున్నాను.

చలికాలంలో ఈ కంప్యూటర్‌ను ఆపడం లేదు. చల్లబడ్డ లోహం మీద పొద్దున్నే తేమ చేరుతుంది, గది తలుపు తీసి వెచ్చటి గాలి రానిస్తే ఇంకా ఎక్కువ. ఒకరోజు మానిటర్ వెనక రేకు మీద చెమటలా నీటి బిందువులు చూశాను. 8 వాట్లే అయినా అల్యూమినియం రెక్కలు చేత్తో తాకితే గోరువెచ్చగా ఉంటాయి, అక్కడ తేమ నిలవదు. మానిటర్‌ను మాత్రం పొద్దున తలుపు తీసిన అరగంటకు వేస్తున్నాను. ఆ అరగంటలో రంపం బల్ల తుడిచి, ఆ రోజు కోయాల్సిన చెక్కలు తీసి వరుసగా పెట్టుకుంటాను.